జంబో దిగిన రోజు మా భోంపూ

ఆ రోజు ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు కంట్రోల్ టవర్‌లోకి టీ వచ్చింది. రోజూ వచ్చే టీయే, రోజూ వచ్చే వేళకే. తెచ్చిన క్యాంటీన్ మనిషి మాత్రం రోజులా గ్లాసులు పెట్టేసి దిగిపోలేదు. కిటికీ అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు.

"సాబ్, జంబో యహా సే దిఖేగా క్యా?" అని అడిగాడు, ఆ పెద్ద విమానం ఇక్కణ్ణుంచి కనిపిస్తుందా అని.

"దిగితే చాలు, ఊళ్ళో పండరీ బజారు బట్టల కొట్లలో కూర్చున్నవాళ్ళకు కూడా కనిపిస్తుంది" అన్నాను.

"దిగితే" అన్న మాట అనుకోకుండా వచ్చేసింది. అతను విననట్టే గ్లాసులు సర్ది వెళ్ళిపోయాడు.

ఇది తొంభైల చివరి సంగతి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. రాయ్‌పూర్ శివారులో మాది చిన్న విమానాశ్రయం. పెద్ద నగరాల నుంచి రోజుకు ఒకటో రెండో విమానాలు వచ్చి వెళ్ళేవి, మిగతా పొద్దంతా కొంగలూ గేదెలూ ఉండేవి. నేను టవర్‌లో కంట్రోలర్‌ని. విమానం నడిపేవాళ్ళతో రేడియోలో మాట్లాడి, దిగవచ్చునో కూడదో చెప్పడం నా పని.

ఈ సంగతి ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. కిందటి నెల మా తెలుగు సంఘం హాలులో ఒకాయన సంతాప సభ జరిగింది. ఆయన మా విమానాశ్రయం ఫైర్ స్టేషన్ ఇన్‌చార్జిగా పనిచేసి రిటైరయ్యారు. నాకంటే పెద్దవారు, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. సభలో ఒక వక్త "ఒక్క సైరన్‌తో జంబో జెట్‌ను కాపాడిన మహానుభావుడు" అన్నారు. అందరూ తలలూపారు. ఆ మాట సగం నిజం. మిగతా సగం ఆయనే ఎప్పుడూ ముందు చెప్పేవారు, పకోడీలు తింటూ, నవ్వుతూ. చెప్పే మనిషి పోయాక ఆ సగం కూడా పోకూడదనిపించింది. మీలో కొందరు ఇలాంటి ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చి ఉంటారు. మీకు రెండు సగాలూ తెలియాలి.

ఆయనది పార్వతీపురం వైపు. వాళ్ళ నాన్న రైల్వేలో బొగ్గింజన్ మీద ఫైర్‌మన్. మా నాన్న గార్డు. ఇద్దరూ ఒకే లైను మీద పనిచేసి ఇక్కడే స్థిరపడ్డారు. "మా నాన్న నిప్పెట్టి జీతం తీసుకున్నాడు, నేను నిప్పార్పి తీసుకుంటన్నాను. ఇద్దరికీ పేరు మాత్రం ఫైర్‌మనే" అనేవారు. నిజానికి ఆయన సర్వీసులో ఆర్పిన నిప్పులు గడ్డి మంటలే. డ్యూటీలో నన్ను "సాబ్" అనేవారు, గేటు దాటగానే "తమ్ముడూ". ఈ నియమం ఆయన ఎప్పుడూ తప్పలేదు, ఒక్కసారి తప్ప.

మా రన్‌వేకు అప్పుడు గోడ లేదు. ముళ్ళకంచె ఉండేది, కంచెలో దారులుండేవి. ఇటు ఊరు, అటు పొలాలు, మేత. జనం రన్‌వే మీదుగానే దాటేవారు. వాళ్ళను ఆపడానికి వచ్చిన అధికారులు బదిలీ అయిపోయేవారు, దారులు మాత్రం ఉండిపోయేవి. అన్న ఆపలేదు. ఒక పద్ధతి పెట్టారు. విమానం వచ్చే ముందు ఫైర్ స్టేషన్ సైరన్ ఒక పొడుగు కూత, అంటే అందరూ బయటికి పోవాలి. విమానం పని అయిపోయాక రెండు పొట్టి కూతలు, అంటే ఇక దాటుకోవచ్చు. ఇది ఆయన వాళ్ళ నాన్న ఇంజన్ కూతల నుంచి తెచ్చిన ఆలోచన. ఏ నిబంధనలోనూ లేదు. నేను ఒకసారి ఆ మాటే అన్నాను.

"పుస్తకంలో లేదు గానీ గేదెలకి తెలుసు సాబ్. పుస్తకం గేదెలు సదవ్వు గదా" అన్నారు.

గేదెలకు నిజంగానే తెలుసు. పొడుగు కూత వినగానే మేస్తున్నవి తలెత్తి, కాపరి అదిలించకుండానే ఊరివైపు నడిచేవి. ఊళ్ళో సైరన్‌ను భోంపూ అనేవారు. అన్నను భోంపూ బాబూ అనేవారు. ఆయన పేరు ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదనుకుంటాను.

ఇక జంబో. ఒక విమాన సంస్థ పాతబడిన జంబోను పక్కన పెట్టింది. మా విమానాశ్రయం పక్క మైదానంలో పిల్లల కోసం విమానాల ప్రదర్శనశాల పెట్టాలని ఊరి పెద్దలు కొందరు చాలాకాలంగా తిరుగుతున్నారు. ఎవరు ఎవరిని ఎలా ఒప్పించారో నాకు తెలియదు. విమానం ఇస్తామన్నారు, అయితే ఎగరడానికి అనుమతి ఒక్క ప్రయాణానికే. మా రన్‌వే జంబోల కోసం కట్టింది కాదు. పొట్టిది. తేలిగ్గా ఉంటేనే ఆ పొడవులో ఆగుతుంది కనుక సీట్లు చాలావరకు పీకేశారు, ఇంధనం తక్కువ పోశారు. ఇక్కడికి రావడానికి, ఒకసారి చుట్టు తిరగడానికి, కుదరకపోతే నాగపూర్ వెళ్ళడానికి సరిపోయేంత. నాగపూర్‌లో దిగితే మళ్ళీ ఎగరదు. అక్కడే ముక్కలు చేసి తూకానికి అమ్మేస్తారు. ఇది మా అందరికీ తెలుసు. ఊళ్ళో పాన్ దుకాణాలవాళ్ళకు కూడా తెలుసు.

మా పెద్దాయన, అంటే విమానాశ్రయం అధికారి, బనారస్ వైపు మనిషి. మొదట్లో ఒప్పుకోలేదు. "ఏనుగును తెచ్చి మంచం మీద పడుకోబెట్టమంటున్నారు" అన్నారు. అన్న ఆయన ముందు నిలబడి, రన్‌వే సంగతి, మంటల సంగతి తన పూచీ అన్నారు. అన్నకు రిటైర్మెంట్ దగ్గరపడింది. పెద్దాయన నావైపు చూసి, "మీ తెలుగువాళ్ళిద్దరూ కలిసి నన్ను ఇతనికంటే ముందే ఇంటికి పంపేట్టున్నారు" అన్నారు. సంతకం పెట్టారు.

పూచీ అంటే మాట కాదు. జంబోకు నాలుగు ఇంజన్లు. రెక్కల చివర ఉన్న రెండూ మా రన్‌వే అంచుల మీదికి వస్తాయి. అవి గాలిని ఎంత బలంగా పీలుస్తాయంటే, కింద ఒక గులకరాయి ఉన్నా, గుడ్డపీలిక ఉన్నా లోపలికి లాక్కుంటాయి. అందుకని అన్న ఊరి ఆడవాళ్ళను కూలికి పెట్టి రెండు అంచులూ చీపుళ్ళతో ఊడిపించారు. మళ్ళీ ఊడిపించారు. పొరుగూరి ఉక్కు కర్మాగారం నుంచి రెండు ఫైరింజన్లు అరువు తెచ్చారు. ఇంట్లో వదినగారు, "ఈయనకి కూతురి పెళ్ళికి కూడా ఇంత హైరానా లేదు" అన్నారట.

ఆ రోజు జనం తెల్లవారకముందే మొదలయ్యారు. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. దేవేంద్ర నగర్ నుంచి స్కూటర్ల మీద కుటుంబాలు, టాటీబంధ్ నుంచి ట్రక్కు టాపుల మీద మనుషులు. కంచె పొడుగునా గొడుగులు, నీళ్ళ కూజాలు, వేరుసెనగకాయల బండ్లు. పోలీసులు తాళ్ళు కట్టారు. మే నెల, పొద్దున్నే ఎండ మాడుస్తోంది. నాకు ఇరవై ఏళ్ళ సర్వీసు, అయినా కూర్చోలేకపోయాను. టీ చల్లారిపోయింది.

విమానం వచ్చే వేళయింది. అన్న పొడుగు కూత వేశారు. ఊరివాళ్ళు అలవాటుగా కంచె అవతలికి వెళ్ళారు. అప్పుడు అన్న వాకీటాకీలో నాతో మాట్లాడుతుండగా వెనక ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. గేదెలు కాసే ఆవిడ, ఆ చుట్టుపక్కల అందరికీ కాకీ, అంటే పిన్ని. గేదెలను దాటించుకునే వేళకే మేము ఆపేశాం.

"కా భోంపూ బాబూ, తోర్ జహాజ్ బర్ మోర్ భైంసీ మన్ ఘామ్ మా ఖడే రహీ?" అంటోంది. నీ విమానం కోసం నా గేదెలు ఎండలో నిలబడాలా అని.

"కాకీ, ఏ భైంసీ సే బడే హే, ఏక్ ఘావ్ దేఖ్ లే!" అన్నారు అన్న. ఇది నీ గేదెకంటే పెద్దదే, ఒక్కసారి చూడు. తరవాత నాతో, "సాబ్, అంచులు రెండూ అద్దంలా ఉన్నాయి" అన్నారు. ఆ గొంతులో సంతోషం దాగలేదు.

తూర్పున ఒక చుక్క కనిపించింది. చుక్క కాదు, పెద్దదే, దూరం వల్ల అలా ఉంది. కంచె పొడుగునా కేక లేచింది. రేడియోలో కెప్టెన్ గొంతు ప్రశాంతంగా ఉంది. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో, నేను తెలుగులో రాస్తున్నాను.

"రాయ్‌పూర్, రన్‌వే కనిపించింది. ఇంత సన్నగా ఉంటుందనుకోలేదు. దిగను, ముందు ఒకసారి తక్కువ ఎత్తులో పైనుంచి వెళ్ళి చూస్తాను. తరవాత తిరిగి వస్తాను."

ఇది ముందు అనుకున్నది కాదు. అయినా సరైన నిర్ణయం. సరే అన్నాను. వెంటనే వాకీటాకీలో అన్నకు చెప్పాను, ఫైర్ స్టేషన్‌కు ఫోను కూడా చేశాను. ఎవరూ పలకలేదు. ఎలా పలుకుతారు? అప్పటికే అది మా నెత్తిమీదికి వచ్చేసింది.

ఆ మోత నేను అంతకుముందు విన్నది కాదు. టవర్ అద్దాలు అదిరాయి, గ్లాసులు బల్ల మీద జరిగాయి. రన్‌వే మీద దాని నీడ ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తింది. ముక్కు పైకెత్తి, ఇంజన్లు గట్టిగా ఊది, పడమటి వైపు వెళ్ళిపోయింది. మోత తగ్గింది.

ఆ నిశ్శబ్దంలో సైరన్ మోగింది. రెండు పొట్టి కూతలు.

మా విమానాశ్రయంలో ఏ విమానమైనా దిగకుండా పైనుంచి వెళ్ళి మళ్ళీ తిరిగి రావడం అన్న సర్వీసులో దాదాపు లేదు. విమానం మోత వచ్చి, పైకెగిరి, దూరమైపోయిందంటే పని అయిపోయిందనే. వేల సార్లు అంతే. చెయ్యి దానంతట అదే వెళ్ళింది. ఆయనే తరవాత చెప్పారు: "మన రన్‌వే నచ్చక ఎలిపోనాదనుకున్నాను. మనసు సచ్చిపోనాది. సెయ్యి మాత్రం దాని పని అది సేసీసింది."

రెండు కూతలు వినగానే ఊరివాళ్ళు మామూలుగా కంచె దాటారు. కాకీ గేదెలను తోలింది. నగరం జనానికి కూతల అర్థం తెలియదు. ఊరివాళ్ళు వెళ్ళడం చూశారు, అంతే. తాళ్ళు తెగాయి. చూస్తుండగానే రన్‌వే మీద వేలమంది. జంబో వెళ్ళినవైపు చేతులూపుతూ, పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని పరుగెత్తుతున్నారు. వేరుసెనగ బండి ఒకటి సరిగ్గా మధ్య గీత మీద నిలబడింది.

"రాయ్‌పూర్" అన్నారు కెప్టెన్, "నేను చూసినప్పుడు రన్‌వే ఖాళీగా ఉంది. ఇప్పుడు అక్కడ సంత జరుగుతోందా?"

"జనం వచ్చేశారు. చుట్టు తిరగండి. ఖాళీ చేయిస్తాం."

"ఒక్క చుట్టుకే ఇంధనం ఉంది. అటుపైన నాగపూర్."

పెద్దాయన మెట్లెక్కి వచ్చారు, ఆయాసపడుతున్నారు. "యే క్యా హో గయా? భోంపూ ఎవరు కొట్టారు? సబ్ గడ్‌బడ్ హో గయా!"

కింద పోలీసులు లాఠీలు ఊపుతున్నారు, ఎవరూ కదలడం లేదు. ఉక్కు కర్మాగారం ఫైరింజన్ ఒకటి జనం మీద నీళ్ళు కొట్టింది. నీళ్ళు కొడితే పారిపోతారని అనుకున్నారు పాపం. మే నెల ఎండలో పొద్దున్నించి నిలబడ్డ జనం. కేకలేసుకుంటూ నీళ్ళ కిందికి వచ్చారు. ఒకాయన చొక్కా విప్పేసి ఒళ్ళు రుద్దుకోవడం నేను బైనాక్యులర్‌లో చూశాను.

అప్పుడు పొడుగు కూత మొదలైంది. రోజూ వేసేంత సేపు కాదు. ఆగలేదు. అన్న స్విచ్ మీద చెయ్యి తియ్యలేదు.

ముందు కదిలినవి గేదెలు. తలలెత్తాయి, వెనక్కి తిరిగాయి, ఊరివైపు నడక మొదలుపెట్టాయి. ఎదురుగా జనం. గేదెలు ఆగలేదు, ఎందుకాగుతాయి? కొమ్ములు చూసి జనం పక్కకు పరుగెత్తారు. వెనకే కాకీ, కర్ర తిప్పుతూ: "హటవ్ రే, హటవ్! జహాజ్ ఆవత్ హే! బహిరే హో కా?" చెవిటివాళ్ళా మీరు, జరగండి, విమానం వస్తోంది. ఆమె వెనక ఊరి ఆడవాళ్ళు, రోజుల తరబడి ఆ అంచులు ఊడ్చినవాళ్ళు. నిన్న ఊడ్చిన నేల మీద ఈ చెప్పులేమిటని తిడుతూ జనాన్ని తోశారు. లాఠీలకు కదలనివాళ్ళు ఆ తిట్లకు కదిలారు. వేరుసెనగ బండిని నలుగురు ఎత్తి అవతల పడేశారు. రన్‌వే ఒక పక్కనుంచి ఖాళీ అవుతూ వచ్చింది.

మిగిలినవి చెప్పులు. జనం పరుగెత్తినప్పుడు ఊడినవి, నల్లటి రన్‌వే మీద, అన్నిటికంటే ఎక్కువ అంచుల మీద. ఇంజన్లు వచ్చే చోట. అన్న తన మనుషులతో ఫైరింజన్ ఎక్కి ఆ చివరకు బయలుదేరారు. దిగడం, ఏరడం, ఎక్కడం. కొంత దూరం వరకే నాకు కనిపించారు. ఆ చివర ఎండమావుల్లో అంతా నీళ్ళలా ఆడుతోంది. బైనాక్యులర్ పనికి రాలేదు.

"రాయ్‌పూర్, చివరి మలుపు తిరుగుతున్నాను. దిగమంటారా, నాగపూర్ పొమ్మంటారా?"

పెద్దాయన నా పక్కనే నిలబడ్డారు. "ఆ చివర నీకు కనిపిస్తోందా?"

"లేదు సార్."

"మరి ఇంకెవరి మాట మీద దించుతావు? ఇప్పుడే ఇంత చేసిన మనిషి మాట మీదా? నాగపూర్ పంపించెయ్." నా చేతిలోని మైకు వైపు చూశారు. "మైకు నీ చేతిలో ఉంది. నేను లాక్కోను."

ఆయన అన్నది తప్పు కాదు. మీరు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మీ పెద్దలు కూడా అదే అంటారు, అనాలి. నేను వాకీటాకీ తీశాను. పేరు పెట్టి పిలిచాను. జవాబు వెంటనే వచ్చింది, రొప్పుతూ.

"తమ్ముడూ, క్లియర్."

డ్యూటీలో ఆయన నన్ను అలా పిలవడం అదే మొదటిసారి.

"అంచులు?"

"రెండూ సూసినాను. రెండో అంచు నడిసి సూసినాను. సెప్పులన్నీ బండిలో ఉన్నాయి. తప్పు సేసినవాణ్ణి తమ్ముడూ, ఇంకోటి సెయ్యను. దించీ."

తప్పు చేసి అర్ధగంట కాని మనిషి ఆ రోజు ఆ విమానాశ్రయంలో అందరికంటే జాగ్రత్తగా చూసి ఉంటాడని నాకనిపించింది. నేను ఎప్పుడూ లెక్క వెయ్యకుండా ధైర్యం చేసినవాణ్ణి కాను. అప్పుడు కూడా లెక్క అదే చెప్పింది. మైకు నొక్కి, దిగవచ్చు అన్నాను.

పెద్దాయన కిటికీ వైపు తిరిగి చేతులు కట్టుకున్నారు.

అది ఎంత నెమ్మదిగా వచ్చిందో. అంత పెద్దది అంత నెమ్మదిగా గాలిలో ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ వింతే. కంచె మీదుగా వచ్చింది. రన్‌వే మొదట్లోనే, మేము సున్నంతో గీసిన గీత దగ్గరే చక్రాలు తాకాయి. తెల్లటి పొగ. ఇంజన్లు వేగం ఆపడానికి ముందుకు ఊదాయి, రెండు పక్కలా ఎర్రటి దుమ్ము లేచింది. దుమ్మే, రాళ్ళు కావు. రన్‌వే అయిపోతూ వచ్చింది. అది ఇంకా పరిగెత్తుతూనే ఉంది. పెద్దాయన "రోకో, రోకో" అని గొణిగారు, దానికి వినిపిస్తుందన్నట్టు. ముక్కు కిందికి వంగింది. ఆగింది. ముందు ఇంకా కొంత నేల మిగిలే ఉంది.

టవర్‌లో నేను కేక వేశాను. టవర్ మాటలన్నీ టేపుకెక్కుతాయి, ఆ రికార్డింగ్ ఎవరూ దాచలేదు, మంచిదే అయింది. పెద్దాయన నన్ను కావలించుకున్నారు, వెంటనే వదిలేసి టోపీ సర్దుకున్నారు.

జంబో తలుపు ఎత్తుకు సరిపడా నిచ్చెన మా దగ్గర లేదు. ఎన్ని వారాలు తయారైనా ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. చివరకు ఫైరింజన్ నిచ్చెన వేశాం. కెప్టెన్, నెరిసిన జుట్టు, సన్నటి మనిషి, ఒక్కొక్క మెట్టే దిగి వచ్చారు. కింద నిచ్చెన పట్టుకున్నది అన్న. నేను అప్పటికి టవర్ ఇంకొకరికి అప్పగించి పరుగున వచ్చాను. కంచె అవతల జనం, ఈసారి ఊరివాళ్ళే తాడై నిలబడ్డారు. అందరి ముందూ కాకీ, గేదెలతో.

అన్న నిచ్చెన వదల్లేదు. కెప్టెన్ కాలు నేలకు ఆనగానే, తన హిందీలో, "సాబ్, మొదట రెండు కూతలు కొట్టి వాళ్ళను లోపలికి తెచ్చింది నేనే" అన్నారు.

కెప్టెన్ ఆయన్ను చూశారు. ఫైరింజన్ వెనక కుప్పగా ఉన్న చెప్పులను చూశారు. ఒంటికాలివే ఎక్కువ.

"ఆ రెండు కూతలకు అర్థమేమిటి?"

"విమానం పని అయిపోయింది, ఇక రావచ్చు అని."

"మరి ఇప్పుడు అయిపోయింది కదా" అన్నారు కెప్టెన్. "ఇప్పుడు కొట్టండి."

అన్న ఆయన ముఖంలోకి చూసి, నావైపు చూసి, స్టేషన్‌కు నడిచారు. పరుగెత్తలేదు. రెండు పొట్టి కూతలు వినిపించాయి. ఆ తరవాత జరిగింది మీరు ఊహించుకోగలరు. సాయంత్రం దాకా ఊరంతా చక్రాలు తాకి చూసింది. గేదెలు మాత్రం దాని పక్కనుంచి తలెత్తకుండా మేతకు వెళ్ళాయి.

పెద్దాయన ఆ రోజు నివేదికలో "ప్రజల ఉత్సాహం వల్ల స్వల్ప ఆలస్యం" అని రాశారు. టాటీబంధ్ నుంచి రెండు పెద్ద ట్రెయిలర్ బండ్లు తెచ్చి విమానాలు నిలిపే చోటు నుంచి జంబోను మైదానంలోకి లాగడానికి మరో వారం పట్టింది. చెప్పులు ఫైర్ స్టేషన్ అరుగు మీద పెట్టాం. చాలా రోజులు ఎవరో ఒకరు వచ్చి, కుప్పలో వెతుక్కుని, జత దొరక్కపోతే అన్నతో తగువు పెట్టుకుని వెళ్ళేవారు.

సభలో వక్త మాట పట్టుకుని నేను లేచి సరిదిద్దలేదు. అక్కడ వదినగారు కూర్చుని ఉన్నారు. కానీ ఆవిడే నా పక్కకు వంగి, "ముందు తప్పు కొట్టింది చెప్పలేదేంటి బాబూ వీళ్ళు? ఆయనైతే అదే ముందు చెప్పేవారు" అన్నారు. అందుకే ఇది రాశాను.

జంబో ఇంకా ఉంది. రంగు వెలిసింది. విమానాశ్రయం పెద్దదయింది, చుట్టూ ఎత్తైన గోడ కట్టారు, ఊరికి వేరే దారి వేశారు. విమానాలు రోజంతా వస్తున్నాయి. అవి దిగే ముందు ఇప్పుడు అక్కడ భోంపూ కొట్టరు.